తాతకు ప్యాంటు... మనవడికి పంచె!

ఆదివారం. మంచి ముహూర్తం. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి హయత్‌నగర్ వైపు వెళ్తుంటే రోడ్డుకు అటూ ఇటూ ఫంక్షన్ హాళ్లు. అందులో ఒకదాని ముందు నిలువెత్తు ఫ్లెక్సీ. దాని మీద పదకొండేళ్ల కుర్రాడు. పట్టుపంచె, భుజం మీద జరీ కండువా, మెడలో గొలుసు, కళ్లకు నల్లద్దాలు. చేతులు కట్టుకుని సినిమా హీరోలా నిలబడ్డాడు. పక్కనే పరికిణీ ఓణీలో వాళ్లక్క. అక్కకు ఓణీల ఫంక్షను, తమ్ముడికి పంచెల ఫంక్షను... ఒకే ఖర్చులో రెండూ అయిపోతాయని అమ్మానాన్నల లెక్క. (హాలు బిల్లు చేతికొచ్చాక ఆ మాట ఎవరూ అనరు. అది వేరే సంగతి.)

బయట బ్యాండు మోగిపోతోంది. లోపల గదిలో మాత్రం గందరగోళం. మేనమామ తెచ్చిన పట్టుపంచె కుర్రాడి నడుము మీద నిలబడనంటోంది. నాన్న ఓ కొస పట్టుకున్నాడు. మేనమామ ఇంకో కొస. నాన్న పంచె కట్టింది తన పెళ్లినాడే, అదీ పురోహితుడు దగ్గరుండి కట్టిస్తే. మేనమామది ఇంకా నయం, ఆయన పెళ్లికి కట్టింది కూడా రెడీమేడే. సెల్‌ఫోన్‌లో వీడియో పెట్టి చూస్తున్నారు. అందులో మనిషి ఎదురుగా నిలబడి కడుతున్నాడు కాబట్టి అతని ఎడమ వీళ్లకు కుడి అవుతోంది. మూడుసార్లు కట్టారు, మూడుసార్లూ జారింది. "సార్, లేటయితంది" అంటూ ఫొటోగ్రాఫర్ తలుపు కొడుతున్నాడు. చివరికి పిన్ని బ్యాగులోంచి ఓ ప్యాకెట్టు తీసింది.

"ఎందుకైనా మంచిదని దిల్‌సుఖ్‌నగర్ల తెచ్చి పెట్టిన."

రెడీమేడ్ పంచె. కుచ్చిళ్లు ముందే కుట్టేసి ఉంటాయి. నడుముకు చుట్టి వెల్క్రో నొక్కితే చాలు. చర్రున అంటుకుంది. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సరిగ్గా అదే సమయానికి హాల్లో మొదటి వరసలో, ఏసీ గాలి తగిలేచోట తాత కూర్చుని ఉన్నాడు. సూర్యాపేట పక్కన పల్లెటూరు ఆయనది. బుద్ధెరిగినప్పటి నుంచీ పంచె తప్ప మరొకటి ఎరగడు. ఇవాళ మాత్రం కొత్త ప్యాంటు, కొత్త చొక్కా. "పెద్ద పెద్దోళ్లు వస్తరు నాయినా, ఈ ఒక్కపూటకు ప్యాంటేసుకో" అని కొడుకే కొనుక్కొచ్చాడు. ఆయన కాదనలేకపోయాడు. కాలు మీద కాలు వేసుకుందామంటే బిగుతు. జేబులో చెయ్యి పెట్టుకుందామంటే అలవాటు లేదు. గదిలో పడుతున్న తంటాల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నిద్రలో లేపి చేతికి పంచె ఇచ్చినా అరనిమిషంలో కట్టేయగల మనిషి ఆ హాలు మొత్తానికి ఆయనొక్కడే.

సరూర్‌నగర్‌లో కాపురముండే ఓ ఇంటి ముచ్చట ఇది. కానీ ఏ ఇంటి ముచ్చట కాదు చెప్పండి!

పేరు పంచెదే!

ఎల్‌బీ నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. ఆ పేరు ఎవరిదో అందరికీ తెలుసు. ఆయన ఏం కట్టుకునేవాడో మాత్రం చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగినవాళ్లెవరికీ గుర్తుండదు. లాల్ బహదూర్ శాస్త్రి పంచె మనిషి. ప్రధానమంత్రిగా ఉన్న ఏడాదిన్నరా ఆ తెల్లపంచెతోనే తిరిగాడు. 1966 జనవరిలో పాకిస్తాన్‌తో ఒప్పందం కోసం తాష్కెంట్ వెళ్లినప్పుడు కూడా అంతే. గడ్డకట్టే చలి. పైన పొడుగు కోటు, కింద పంచె. పక్కన సూటు బూటుతో ఆరడుగులు దాటిన అయూబ్‌ఖాన్. ఆ ఫొటోలు చూస్తే పొట్టి మనిషి పంచెలో ఏమాత్రం చిన్నబోయినట్టు కనిపించడు. అక్కడే జనవరి 11న ఆయన కన్నుమూశాడు.

ఆయన పేరు పెట్టుకున్న చోటే ఇవాళ ఓ పెద్దాయన పంచెతో ఫంక్షన్‌కు రావడానికి ఇబ్బంది పడుతున్నాడంటే... ఏమనాలి?

నిజానికి హైదరాబాదులోకి పంచె నడిచొచ్చే ద్వారాల్లో ఎల్‌బీ నగర్ ఒకటి. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ... అటునుంచి వచ్చే బస్సులన్నీ అక్కడ ఆగాల్సిందే. తెల్లవారుజామున చౌరస్తాలో నిలబడి చూడండి. ఆసుపత్రికని, కూతురింటికని, కోర్టు వాయిదాకని దిగే పెద్దవాళ్లలో పంచె కట్టినవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. కొందరికి తలపాగా కూడా. చేతిలో సంచీ. సంచీలో మనవలకు బియ్యప్పిండి అప్పాలో, సకినాలో. అక్కణ్నుంచి పడమరగా పోయేకొద్దీ, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట... పంచెలు పలచబడతాయి. అమీర్‌పేట చేరేసరికి ఒక్కటీ ఉండదు!

మొరాకోలో శుక్రవారం

మనదే ఇలా అయ్యిందా, అందరిదీ ఇంతేనా? ఒకసారి దూరంగా, ఆఫ్రికా వాయవ్యమూల దాకా వెళ్లొద్దాం.

మొరాకోలో మగవాళ్లు వేసుకునే పొడుగు అంగీ ఒకటుంది. పేరు జెల్లాబా. మెడ నుంచి మడమల దాకా ఒకే వస్త్రం. పొడుగు చేతులు, వెనక ఓ కోసుటోపీ. చలేస్తే తలమీదికి లాక్కోవచ్చు, ఎండ కొట్టినా అంతే. చలికాలానికి ఉన్నిది, ఎండాకాలానికి పలచటిది. బ్జూ అనే ఊళ్లో నేసే సన్నటి ఉన్నిబట్టకు అక్కడ మన గద్వాలకున్నంత పేరుంది. కాళ్లకు పసుపురంగు తోలు చెప్పులు.

అక్కడి కుర్రాళ్లు రోజూ జెల్లాబాలే వేస్తారనుకుంటే పొరపాటు. కాలేజీలకు, ఆఫీసులకు జీన్సులు, టీషర్టులే. కానీ శుక్రవారం వచ్చిందా, నమాజుకు వెళ్లేటప్పుడు బీరువాలోంచి జెల్లాబా బయటికొస్తుంది. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని కుస్‌కుస్ తినడం. ఏటా అక్టోబరులో వాళ్ల పార్లమెంటు కొత్త సమావేశాలు మొదలుపెట్టేది కూడా ఓ శుక్రవారమే. ఆ రోజు సభ్యులంతా తెల్ల జెల్లాబాల్లో వస్తారు. రాజుగారిదీ అదే వేషం. చలికాలం సాయంత్రం రొట్టెలు తేవడానికి వీధిచివరకు వెళ్లేవాడు కూడా జీన్సు మీదనే జెల్లాబా తగిలించుకుని వెళ్తాడు. ఎవరూ వింతగా చూడరు.

అక్కడ నిలిచింది, ఇక్కడ ఎందుకు జారింది? ఒక కారణం చాలా చిన్నది. జెల్లాబా కుట్టిన బట్ట. తల దూర్చి వేసుకుంటే అయిపోయింది. నేర్చుకునేదేమీ లేదు. లోపల ప్యాంటు ఉంటుంది కాబట్టి జేబులకు ఇబ్బంది లేదు. పక్కన చీలికలుంటాయి, అందులోంచి చెయ్యి దూర్చి ప్యాంటు జేబులోని పర్సు తీసుకోవచ్చు. మన పంచె కుట్టని బట్ట. అది ఒంటిమీద నిలబడాలంటే చేతికి విద్య రావాలి. విద్య తండ్రి నుంచి కొడుక్కి అందకపోతే బట్ట ఎంత ఖరీదైనా బీరువాలో ఉండాల్సిందే.

అన్నట్టు, మనం పంచె మీదికి తొడిగే జుబ్బా ఉంది చూశారూ, ఆ మాట అరబ్బీ నుంచే వచ్చింది. అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఎల్‌బీ నగర్ నుంచి రింగురోడ్డు పట్టుకుని చాంద్రాయణగుట్ట వైపు వెళ్తే బార్కస్ వస్తుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే చోటు. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయ్యింది. ఇప్పటికీ అక్కడి మగవాళ్లు వీధుల్లో లుంగీలతో దర్జాగా తిరుగుతారు. దుకాణానికి లుంగీ, దావత్‌కు లుంగీ. వాళ్ల తాతలు అక్కడ అలా కట్టారు, వీళ్లు ఇక్కడ కడుతున్నారు. సిగ్గన్న మాటే లేదు. మనకే ఎక్కడలేని మొహమాటం!

గోచీలో ఉంది కిటుకు

ఇంతకీ ఆ విద్య ఏమంత బ్రహ్మవిద్యా? కాదు. ఎనిమిది మూరల పంచె అంటే మూడున్నర మీటర్ల పైచిలుకు. నాలుగు మూరలది అడ్డపంచెకు. కుచ్చిళ్లు నిండుగా రావాలనుకునేవాళ్లు తొమ్మిది మూరలది తీసుకుంటారు, జోడుగా అయిదు మూరల కండువా వస్తుంది. షాపుల్లో 'తొమ్మిదీ అయిదు' అని అడిగితే ఇచ్చేది అదే.

పంచె నడుము వెనకనుంచి తెచ్చి రెండు కొసలూ ముందుకు పట్టుకోవాలి. బొడ్డు దగ్గర ముడి. మొత్తం కట్టుకు ఆధారం ఆ ముడే. అది వదులైతే ఎన్ని కుచ్చిళ్లు పోసినా దండగ. ఒక కొసను మడతలు పెట్టి కాళ్లమధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపాలి. అదీ గోచి. రెండో కొసను వేళ్లమీద కుచ్చిళ్లు పోసి, అంచు కనిపించేలా ముందు దోపాలి. అయిదు చోట్ల దోపి కట్టేది పంచకచ్చం, అది పూజలకూ పెళ్లిళ్లకూ. రైతు కట్టు వేరు, మోకాళ్ల దాకా ఎగ్గట్టి బిగిస్తాడు. నాట్లేసే మడిలో దిగాలి కదా.

కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే. మడతలు అందంగా రావాలని చూసుకుంటూ ముడి సంగతి మరిచిపోతారు. పొట్ట లోపలికి పీల్చి ముడి వేస్తే, తర్వాత ఊపిరి వదిలినప్పుడు అదే బిగుసుకుంటుంది. ఈ ముక్క ఏ వీడియోలోనూ చెప్పరు. తాతల్ని అడగాలి.

గోచి పెట్టి కట్టిన పంచెతో పరిగెత్తొచ్చు, చెట్టెక్కొచ్చు, సైకిలు తొక్కొచ్చు. ఒకప్పటి పల్లెటూరి బడిపంతుళ్లు, పోస్టుమాన్లు అలాగే తిరిగారు. అడ్డపంచెతోనే చిక్కు. స్కూటర్ల కాలంలో అదీ కొంతవరకు నెట్టుకొచ్చింది, కాలు పైకెత్తకుండా ఎక్కొచ్చు గనక. మోటారుసైకిలు వచ్చి పంచెకు గండి కొట్టింది. ఇప్పుడు మెట్రో. 2018 సెప్టెంబరులో ఎల్‌బీ నగర్ దాకా రైలొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో ఎస్కలేటర్ ముందు పంచె కట్టిన పెద్దాయన నిలబడి, కుచ్చిళ్ల కొస ఎడంచేత్తో పైకి పట్టుకుని, మెల్లగా కాలు పెట్టడం చూస్తే ముచ్చటేస్తుంది. వెనక కుర్రాళ్లు ఆగుతారు. ఎవరూ విసుక్కోరు. అంటే దారి ఇవ్వడానికి నగరం సిద్ధంగానే ఉందన్నమాట.

ఇక జేబు. సెల్‌ఫోను, ఏటీఎం కార్డు, బండి తాళాలు, మెట్రో కార్డు. మా తాతల కాలంలో బొడ్లో రూపాయి దోపుకుంటే సరిపోయేది, ఇప్పుడు ఇంత సరంజామా ఎక్కడ దోపుతాం అనేవాళ్లున్నారు. నిజమే. అందుకే తిరుప్పూరు వ్యాపారులు పంచెకే జేబు కుట్టారు. జేబులున్న బెల్టులూ వచ్చాయి. రామ్‌రాజ్ లాంటి కంపెనీలు టీవీలో వెంకటేశ్ చేత తెల్లపంచె కట్టించి ప్రకటనలు వేశాక, మన షాపుల్లో పంచెల అర కాస్త పెద్దదయ్యింది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది నాలుగంతస్తుల బట్టల దుకాణాల్లో చూడండి. చీరలకు రెండంతస్తులు, డ్రస్సులకు ఒకటి. మిగిలిన దాంట్లో ఓ మూల పంచెలు. అందులోనూ చిన్నపిల్లల రెడీమేడ్ పట్టుపంచెలదే సందడి.

గంజి ఎవరు పెట్టాలి?

పంచెను పొగిడేవాళ్లు సాధారణంగా మరిచిపోయే సంగతి ఇంకోటుంది. తెల్లపంచె కట్టడం ఒకరి వంతు, దాన్ని తెల్లగా ఉంచడం ఇంకొకరి వంతు. ఉతకాలి, నీలిమందు పెట్టాలి, గంజి పెట్టాలి, ఆరీ ఆరకుండానే తీసి ఇస్త్రీ చేయాలి. పెద్దమనుషుల పంచెల తళతళ వెనక చాకలి రెక్కలకష్టం, ఇంటి ఆడవాళ్ల నడుంనొప్పి ఉన్నాయి. కట్టినాయనకు గౌరవం, ఉతికినామెకు చాకిరీ. మళ్లీ పాతరోజులు రావాలి అనేముందు ఇది కూడా తలుచుకోవాలి. పైగా రైస్ కుక్కర్లు వచ్చాక గంజి వంచేదెవరు? ఇప్పుడు గంజి కూడా ప్యాకెట్లోనే దొరుకుతోంది. వాషింగ్ మెషిన్‌లో వేసి, కాస్త ప్యాకెట్ గంజి కలిపి, ఎవరి పంచె వాళ్లే ఇస్త్రీ చేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

బట్ట సంగతి చెప్పుకోవాలంటే పొందూరు దగ్గర మొదలుపెట్టాలి. శ్రీకాకుళం జిల్లా. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ చిన్నచిన్న పళ్లే దువ్వెన. అలా తీసిన నూలు ఎంత సన్నమంటే గాంధీజీ అంతటివాడు మెచ్చుకున్నాడు. పొందూరు ఖద్దరు పంచె అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది అక్కినేని నాగేశ్వరరావు. తెరమీద దేవదాసుగా కట్టిన పంచెను తెర బయటా వదల్లేదాయన. ఇటు గద్వాల. తిరుమల వెంకన్న బ్రహ్మోత్సవాలకు ఏటా ఇక్కణ్నుంచే ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. గద్వాల సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆచారం. నేతన్నలు దీక్ష పట్టి, నియమంగా ఉండి నేస్తారు. దేవుడికి మాత్రం వెల్క్రో పంచె పంపాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు!

ఎల్‌బీ నగర్‌కు దగ్గర్లోనే ఇంకో వింత ఉంది. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాకా వెళ్లి పక్కకు తిరిగితే పుట్టపాక. తేలియా రుమాలు నేసే ఊరు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి, ఎరుపు నలుపు రంగులద్ది నేసే చతురస్రపు గుడ్డ అది. నూనె పట్టి ఉండటం వల్ల ఒంటికి చల్లగా ఉంటుంది. మనవాళ్లు తలపాగాగా చుట్టారు, లుంగీగా కట్టారు. చీరాల వైపు నేసినవి ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లాయి. అక్కడివాళ్లు నెత్తికి చుట్టుకున్నారు. పొడుగు అంగీలవాళ్లకు తలగుడ్డ పంపింది తెలుగు మగ్గమే! 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కాగితం మీద పంచెకు రక్షణ కూడా ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద మగ్గం మీదే నేయాలని పెట్టిన 11 రకాల్లో పంచె, లుంగీ కూడా ఉన్నాయి. అయినా ఫంక్షన్ సీజన్లో అమ్ముడయ్యే మెరుపుల పంచెల్లో మరమగ్గం సరుకు ఎంతో కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు.

గేటు దగ్గర

తాత కొడుకు చెడ్డవాడేం కాదు. తండ్రిని ఎవరైనా చులకనగా చూస్తారేమో అని భయపడ్డాడు, అంతే. ఆ భయం ఉత్తదని కొట్టిపారేయడానికి లేదు.

2014 జులైలో చెన్నైలో ఏం జరిగిందో గుర్తుందా? ఓ పుస్తకావిష్కరణకు వెళ్లిన మద్రాసు హైకోర్టు జడ్జిని పంచె కట్టుకున్నాడని క్రికెట్ క్లబ్ గేటు దగ్గరే ఆపేశారు. జడ్జినే! తమిళనాడు భగ్గుమంది. నెల తిరక్కుండానే అసెంబ్లీలో చట్టం చేశారు. పంచె కట్టినవాళ్లను క్లబ్బులూ గట్రా అడ్డుకుంటే ఏడాది దాకా జైలు, 25 వేల జరిమానా. పదేళ్లకు, 2024 జులైలో, బెంగళూరులో ఓ రైతు కొడుకుతో కలిసి సినిమాకు వెళ్తే మాల్‌లో కాపలావాళ్లు పంచె మార్చుకుని రమ్మన్నారు. చేతిలో టిక్కెట్టు ఉంది. అయినా లోపలికి పోనివ్వలేదు. కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ను వారం రోజులు మూయించింది. మధ్యలో 2023 జూన్‌లో గ్రేటర్ నోయిడాలో ఓ అపార్టుమెంట్ల సంఘం లుంగీలతో, నైటీలతో పార్కులోకి రావద్దని నోటీసు అంటించింది. జడ్జికి చట్టం వచ్చింది, రైతుకు ప్రభుత్వం వచ్చింది. మన కాలనీల్లో కాపలావాడి ఒక్క చూపుకే వెనక్కి తగ్గే పెద్దాయనకు ఎవరొస్తారు?

చిత్రమేమిటంటే పెద్ద కుర్చీల్లో పంచెకు ఎప్పుడూ లోటు రాలేదు. 2003 ఎండల్లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కట్టింది పంచే. 2017 నుంచి 2022 దాకా ఉపరాష్ట్రపతిగా ఉన్న వెంకయ్యనాయుడు దేశం తిరిగినా విదేశం తిరిగినా తెల్లపంచె వదల్లేదు. 2019 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో స్వీడన్ రాజు చేతుల మీదుగా నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ కూడా పంచెలోనే వేదికెక్కాడు. 2016 సంక్రాంతికి 'సోగ్గాడే చిన్నినాయనా'లో నాగార్జున పంచెకట్టి ఊరేగితే థియేటర్లలో ఈలలు. అదే పంచె తాత కడితే మాత్రం 'పల్లెటూరాయన'. కట్టేవాడి హోదాను బట్టే బట్టకు విలువ!

పోనీ పంచెతో రోజువారీ పనులు జరగవంటారా? కార్తీకం, మార్గశిరం వచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో తిరిగి చూడండి. అయ్యప్ప స్వాములు. 41 రోజుల దీక్ష. నల్ల పంచె, నల్ల కండువా, కాళ్లకు చెప్పుల్లేవు. ఆ వేషంతోనే దుకాణం తెరుస్తారు, బండి నడుపుతారు, కూరగాయల బేరమాడతారు, పిల్లల్ని బడిలో దింపుతారు. ఆఫీసుల్లో కూడా 'స్వామీ' అని పిలుస్తారు. ఎక్కడా ఇబ్బంది లేదు. దీక్షలో మనిషికి జేబు అడ్డురాదు, బండి అడ్డురాదు, ఎస్కలేటర్ అడ్డురాదు. ఎందుకంటే మెడలో మాల ఉంది. ఎవరూ ఏమీ అనరని తెలుసు. మాల తీసిన మర్నాడు పొద్దున్న పంచె మడతపెట్టి లోపల పెట్టేస్తారు. అప్పటిదాకా గుర్తురాని ఇబ్బందులన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి.

వెల్క్రో పంచెను చూసి నవ్వేవాళ్లు చాలామంది. అదొక పంచేనా అంటారు. కానీ నవ్వాల్సిన పనిలేదు. మొరాకో జెల్లాబా నిలిచింది తొడుక్కోవడానికి తేలిక కాబట్టే కదా. కుర్రాడు వారానికోసారి గుడికో, బంధువుల ఇంటికో ఆ వెల్క్రో పంచెలోనే వెళ్తే బంగారమే. చిక్కల్లా అది ఒక్కపూట ఫొటోల కోసం కొన్నది కావడం. వచ్చే ఏడాదికి పొట్టిదైపోతుంది. తమ్ముడుంటే వాడికి, లేకపోతే అటకమీదికి.

ఇక ఆ ఇంటి సంగతి. ఫంక్షన్ అయింది. భోజనాలు అయ్యాయి. సాయంత్రం సరూర్‌నగర్ ఇంటికి చేరగానే తాత చేసిన మొదటి పని స్నానాలగదిలోకి వెళ్లి ప్యాంటు విప్పేసి, సంచీలోంచి తన పంచె తీసి కట్టుకోవడం. బయటికొచ్చి "అమ్మయ్య" అన్నాడు. కొడుకు విన్నాడు. ఏమీ అనలేదు.

మనవడు అప్పటికే వెల్క్రో చర్రున లాగి నిక్కరులోకి మారిపోయాడు. మేనమామ పెట్టిన అసలు పట్టుపంచె సోఫా మీద ఉండలా పడి ఉంది. తాత దాన్ని తీసి, మోకాళ్ల మీద పెట్టుకుని మడతలు సాపు చేస్తున్నాడు.

"తాతా, నీది జారదా?"

"ఎందుకు జారుతది బిడ్డా?"

"మరి నాది మూడుసార్లు జారింది. డాడీ, మామ ఇద్దరు పట్టుకున్నా."

తాత నవ్వాడు. "ఇద్దరు పట్టుకుంటే జారదా మరి? రా ఇటు. నిక్కరు మీదనే కట్టుకో. గట్ల గాదు, రెండు కొసలు సమానం పట్టు. కడుపు లోపలికి గుంజు... ఆఁ, ఇప్పుడు ముడెయ్యి."

ముడి పడింది. గోచి దోపేటప్పుడు మాత్రం సగం బయటికి వచ్చేసింది. మళ్లీ విప్పారు. రెండోసారి కుచ్చిళ్లు ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి. మూడోసారి నిలబడింది. కుర్రాడు హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తి చూశాడు. జారలేదు. వాకిట్లో సైకిలుంది, అదీ ఎక్కి చూస్తానని బయటికి పోయాడు. ఫొటోగ్రాఫర్ ఎప్పుడో వెళ్లిపోయాడు.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న కొడుకు కాసేపాగి, "నాయినా, ఆ ముడి ఇంకోసారి చూపెట్టు" అన్నాడు.